ఫుల్ మీల్స్

మిర్యాలగూడల రైసుమిల్లు గుమాస్తాను.
పొద్దంతా బియ్యం బస్తాల లెక్క రాస్త.
పగటి అన్నం మాత్రం రెండు గరిటెలు,
అది డాక్టరమ్మ రాసిన లెక్క.

సాగర్ రోడ్డు మెస్సుల
చేతులు కడిగే కాడ, అద్దం కింద,
అంగీ ఎత్తి సూది గుచ్చుకున్న.
సబ్బు పట్టుకొని ఒక పోరడు నోరు తెరిచిండు.
"నొస్తదా తాతా?"
నలభై ఏడేండ్లోణ్ని.
సూది కంటె ఆ తాతే నొచ్చింది.

సైదులు ఆకు పరిచిండు.
పొగలు కక్కే గరిటె ఆకు మీద నిలిపి
"ఎయ్యాల్నా సార్ ఇంకింత?"
అరచెయ్యి అడ్డం పెట్టిన.
వేళ్ల సందులకెళ్లి సన్నబియ్యం వాసన,
మా మిల్లుదే కావచ్చు.

"సగం తింటే సగం పైసలే గదా" అన్న.
"ఫుల్ మీల్సంటే ఫుల్లే సార్" అన్నడు,
సేమియా పాయసం గిన్నె
నా ఆకు దాటిచ్చుకుంట.
అడగనే లేదు.

గల్లాపెట్టె కాడ ఓనర్ మట్టపల్లయ్య
స్టీలు డబ్బ మూత తీస్తున్నడు.
రెండు జొన్నరొట్టెలు, మెంతికూర.
ఎనుక గోడకు ఎర్రరంగు అక్షరాలు:
అన్నం ఎంతైనా వడ్డించబడును.

చిల్లర ఇచ్చుకుంట తల ఎత్తలే.
"ఎన్నేండ్లాయె?"
"ఆరు. నీకు?"
"ఈ హోటల్ పెట్టిన యేడే."

రొట్టె తుంచి సగం నా దిక్కు జరిపిండు.
నా లెక్క అయిపోయిందని చెప్పబోయి
తీసుకున్న.

మిల్లుకు తిరిగొచ్చి పద్దు పుస్తకం తెరిస్తే
ఆ సగం రొట్టె ఎవరి ఖాతాల రాయాల్నో
పొద్దుగూకే దాక తేలలే.