రెండో అంకం, నాలుగో పాట

నోటుబుక్కులో ఆ పుటకు అడ్డంగా
ఒక ఎర్రసిరా గీత.
గీసింది నేను కాదు.
మా సమాజం పెద్ద చెంగల్రాయుడు
చెవి మీది బీడీ తీసి ముట్టించుకుంటా
"పాట బాగుండాది స్వామీ, కాదనను.
పదకొండున్నరకు పలమనేరు బస్సు ఎల్లిపోతాది.
జనం లేచిపోతారు" అన్నాడు.

పాటను చంపడానికి
ఒక బస్సు టైము చాలు.

అప్పటికే దాన్ని ఎన్నిసార్లు తిరగరాశానో.
పద్మాక్షి గొంతు పై షడ్జం అందుకోలేదని
చరణాన్ని రెండు మెట్లు కిందికి దించాను.
బెల్లం మండీ శెట్టి చందా రాశాడని
'తూకంలో మోసం' కొట్టేసి
'లోకంలో మోసం' అని పెట్టాను.
లోకం చందా ఇవ్వదు,
కోపగించుకోదు.
హార్మోనియం మునిరత్నం
ముఖారిలో ఏడుస్తున్న పాటను
మోహనకు తీసుకుపోయి నవ్వించి చూశాడు.
నప్పలేదు, వెనక్కి తెచ్చాడు.
అప్పటికి అది ఏడవడం మరిచిపోయింది.

మిట్టూరు బడి ఆవరణలో నాటకం.
గానుగ సీనులో పద్మాక్షి ఒక్కతే నిలబడింది.
పాట ఉండాల్సిన చోట
చెంగుతో మొహం తుడుచుకొని లోపలికి వచ్చేసింది.
ఎవరికీ ఏమీ తెలియలేదు.
ముందు వరసలో ఒకాయన వేరుశనక్కాయలు ఒలుస్తూనే ఉన్నాడు.
తెర పక్కన కాగితాలు పట్టుకొని
పాడని పల్లవి, పాడని రెండు చరణాలు
పెదవి కదపకుండా
లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను.

పలమనేరు బస్సు ఆ రాత్రి రానేలేదని
మర్నాడు ఎవరో చెప్పారు.

ఇరవై ఆరేళ్లు.
సమాజం లేదు, పెట్రోమాక్సు లైట్లు లేవు.
లారీ ఆఫీసులో బిల్లులు రాస్తున్నాను,
అవి ఎవరూ కొట్టేయరు.

జూన్ నెల, దామలచెరువు మామిడి యార్డు.
బిల్లు మీద సంతకం కోసం నిలబడి ఉంటే
తోతాపురి గుట్ట అవతలి నుంచి
కాయలు ఏరుతున్న ఆడమనిషి గొంతు:

"గానుగెద్దు నడిచేటి దారికి
ఊరు లేదే అక్కా, ఊరు లేదు"

నేను రాసింది 'గమ్యం లేదు'.
ఎంత వెతికి తెచ్చిన మాట అది!
ఆమె దగ్గర ఒక మాత్ర తక్కువ పడుతోంది.
ఆ తక్కువైన చోట
ఒక కాయ తట్టలో పడుతోంది,
టప్.

రెండో చరణం వచ్చింది.
కాటా దగ్గర కూర్చున్న మనిషిని ఓరగా చూస్తా
'తూకంలో మోసం' అని గట్టిగా పాడింది.
ఏరే ఆడోళ్లంతా నవ్వారు.
కాటా మనిషి తలెత్తలేదు.
శెట్టికి భయపడి నేను చెరిపేసిన మాట
ఇన్నాళ్లూ ఎవరి నోట్లో దాక్కుంది?

అడిగాను.
"మాయమ్మ పాడతా ఉండె సార్.
నాటకమోళ్ల గుడ్డలు ఉతికేది.
వాళ్లు నేర్చుకునే కాడ ఇనింది."
పేరు దేశమ్మ అంట. తల్లి పోయి నాలుగేళ్లు.
ఇంకా ఏదో అడగబోతుంటే
తట్ట ఎత్తుకుంటా అంది:
"నీకు కాయలు గావాల్నా, పాట గావాల్నా?"

నోరు పెగల్లేదు.
కాయలే అన్నాను.

జ్యూసుకు పోయే పచ్చికాయలు ఐదు కిలోలు
ఏం చేసుకోను అని ఇంట్లో తిట్లు.
రాత్రి నోటుబుక్కు తీశాను.
ఎర్రగీత కింద వెతికి
'గమ్యం' కొట్టేశాను.
కొట్టేసిన పాటలో ఇంకొక కొట్టివేత.
'ఊరు' రాశాను.
మిగిలిన మాత్రకు
ఏ అక్షరం పెట్టాలో తెలియక
వేలితో బల్ల మీద
ఒకసారి తట్టాను.