ఏసీ కట్టేసిన నెల

ఎనిమిది నెలలు మా ఇంట్లో ఒకటే రొద.
గోడలో ఇరుక్కున్న పాత ఏసీ
పళ్ళు నూరుకుంటూ పనిచేస్తుంది.
దానికవతల మనుషులున్నారనడానికి
మెట్ల దగ్గర చెప్పులు తప్ప
వేరే రుజువు లేదు.

డిసెంబరు మూడో వారం, ఫహాహీల్లో,
ఎడారి వైపు నుంచి గాలి వచ్చి
చొక్కాలో చల్లటి చెయ్యి పెట్టిన రాత్రి
లేచి స్విచ్చి కట్టేశాను.

అప్పుడు వినపడింది దగ్గు.

కుడి గోడ వెనక. ముసలి దగ్గు.
మూడుసార్లు, కాస్త ఆగి, మళ్ళీ రెండు.
తర్వాత గాజుగ్లాసులో చెంచా తిరిగిన చప్పుడు.
పై అంతస్తులో ఎవరో పిల్లాడు
ఆరేళ్ళు నలభై నాలుగని అరబ్బీలో అప్పజెప్పాడు,
వాళ్ళమ్మ కొట్టలేదు, నవ్వింది.
ఇంతమంది మధ్యనా నేనిన్నాళ్ళూ
ఒంటరిగా పడుకున్నానని అనుకున్నది!
దుప్పటి గడ్డం దాకా లాక్కుని
చాలాసేపు మేలుకుని విన్నాను.

మర్నాడు మిరియాల చారు కాచి
ఆ తలుపు కొట్టాను.
తీసినాయన అబూ నిదాల్,
హమా ఊరివాడు, గడియారాలు బాగుచేస్తాడు.
గిన్నె మూత తీసి వాసన చూసి
కళ్ళు తుడుచుకున్నాడు.
ఏడుపేం కాదు, మిరియాలు కాస్త ఎక్కువేశాను.

జనవరి ఒకటి. సెలవు.
పొద్దున్నే లీలామ్మ కేకు పట్టుకొచ్చింది.
క్లినిక్కులో నా పక్క కుర్చీ ఆవిడదే.
కిస్‌మిస్‌లు మూడు వారాలు నానాయంటుంది.
దేంట్లోనో మేమడగం, తను చెప్పదు.
రాజలింగు వచ్చాడు,
మా లిఫ్టు తప్ప ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసేవాడు,
నాలుగంతస్తులు ఎక్కి రొప్పుతూ,
ఉడికిన బాజెల్లా గింజల పొట్లం
వెచ్చగా చంకలో పెట్టుకుని.
అబూ నిదాల్ నా గిన్నె తిరిగి తెచ్చాడు,
ఖాళీగా కాదు, నిండా పిస్తాలు.

ఓబులమ్మ మాత్రం మధ్యాహ్నం దాటాకే.
పనిచేసే ఇంట్లో మామా నిద్రలేవాలి, భోంచెయ్యాలి,
అప్పుడు గాని గేటు తెరవరు.
నెలకొక్క పూట ఆమె సెలవు.
వస్తూనే హీటరు ముందు కాళ్ళు చాపి
"ఈ పొద్దు నన్నెవురూ మంచినీళ్ళు గూడా అడగద్దండి" అంది.
అడగలేదు.
ఆమె గ్లాసు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని
లీలామ్మ కాచుక్కూచుంది.

ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె చింపి
ఓబులమ్మే గీసింది, అష్టాచమ్మా గళ్ళు.
గవ్వలేవీ?
తిని పడేసిన పిస్తా తొక్కలు నాలుగు.
వెల్లకిలా నాలుగూ పడితే చమ్మా,
బోర్లా నాలుగైతే అష్టా.
పావులకి శనగలు, బాదం, కుంకుడుగింజ, చొక్కాగుండీ.

గడియారాలు విప్పే వేళ్ళు కదా,
తొక్కలు ఆయన చెప్పినట్టు పడ్డాయి.
"అష్టా" అని మేమరిస్తే
"అషరా" అని ఆయనా అరిచాడు.
అషరా అంటే వాళ్ళ భాషలో పది.
పది గళ్ళూ నడిపించాడు!
నడిపించి రాజలింగు బాదంగింజని చంపాడు.

"గదేం లెక్క సార్? ఎనిమిదే గద!"
రాజలింగు తెలుగులోనే కొట్లాడాడు.
ఆయన అరబ్బీలోనే జవాబిచ్చాడు.
ఇద్దరికీ పూర్తిగా అర్థమైంది.
మధ్యలో ఓబులమ్మ, పన్నెండేళ్ళ వంటింటి అరబ్బీతో,
ఇటు చెప్పాల్సింది అటూ అటు చెప్పాల్సింది ఇటూ
కావాలనే తప్పుగా చెప్పి
చీరచెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

ఏడింటికి ఆమె ఫోను మోగింది.
లేచి నిలబడి మాట్లాడింది.
గొంతు వేరే అయిపోయింది, సన్నగా.
పెట్టేశాక మళ్ళీ మా గొంతు:
"నా శనగలు ఎవురైనా జరిపినారో, చేతులు ఇరగ్గొడతా."
ఇంకొక్క గడి దాటితే పండేది తన పావు.

అట్ట కదలకుండా, పావులతో సహా,
ఇద్దరం చెరో పక్కా పట్టుకుని మంచం కిందికి తోశాం.
ఫిబ్రవరి దాకా అక్కడే.

రాత్రి దీపమార్పాక
గోడవతల మూడు దగ్గులు,
కాస్త ఆగి,
"అషరా."

"ఎనిమిదే" అన్నాను,
గోడకి వినపడేంత గట్టిగా.