ప్రాంతీయ వార్తలు

రెండు సెల్లు. ఒకటి కొత్తది,
ఇంకోటి నిన్న పిట్టగోడ మీద ఎండబెట్టి బతికించింది.
మూత ఊడకుండా రబ్బరు బ్యాండు.
చెంగలరావుపేటలో మా మేడ మీద
సెట్టు తూర్పుకి తిప్పితే ఉత్త హోరు,
సముద్రానిదో దీనిదో చెప్పలేను.
కాస్త పడమరకి జరిపితే మనుషులు.

ఆరూ నలభై అయిదు.
సరిగ్గా అప్పుడే హార్బరులో ఓడ కూస్తుంది,
ఎవరో మంత్రిగారి శాఖ పేరు అందులో మునిగిపోతుంది.
నాకేమీ నష్టం అనిపించదు.

ముప్పై రెండేళ్లు పోర్టులో టాలీ గుమస్తాని.
దిగిన బస్తా, చిరిగిన బస్తా, నీళ్లలో పడ్డ బస్తా
నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డంగా.
చెయ్యి మానలేదు.
వార్తల్లో ఏ మాట ఎన్నిసార్లొస్తుందో
క్యాలెండరు వెనక గీస్తూంటాను.
ఈ నెల "పరిశీలనలో ఉంది" పదిహేడు.
"చర్యలు చేపట్టారు" ఇరవై ఆరు, ఇంకా మూడు రోజులుంది.

"ఉక్కు" అన్న మాట వచ్చిందంటే
కింద వాటాలో దాలినాయుడు, కాంట్రాక్టు పాసు పోయినవాడు,
మెట్ల మీద పళ్లు తోముతూ ఆగుతాడు.
వాక్యం అయిపోతుంది.
నురగ ఉమ్మేసి
"ఇదే ముక్క నిన్న కూడా చదివారు కదండీ" అంటాడు.
కాదు. నిన్న అందులో "త్వరలో" ఉంది.
ఇవాళ తీసేశారు.
నేను చెప్పలేదు.

తర్వాత ఎక్కడిదో యుద్ధం.
రాత్రి బాంబు పడిన రేవు పేరు చదివింది,
కొంచెం తప్పుగా పలికింది.
ఆ పేరు నాకు తెలుసు.
ఎరువు బస్తాల మీద నల్లసిరా అచ్చు,
చెమట చేత్తో ముట్టుకుంటే అరచేతికి అంటేది.
అక్కడా ఒక గుమస్తా ఉండేవాడు.
ఎక్కించింది అతను, దించింది నేను,
మా ఇద్దరి గీతలూ ఒకే కాగితం మీద కలిసేవి.
పదకొండు బస్తాలు తేడా వచ్చిందని ఒకసారి
మొహం తెలియని మనిషిని
సాయంత్రం దాకా తిట్టుకున్నాను.
అతనివాళ్లెవరైనా ఇవాళ అక్కడ
ఏం లెక్కపెడుతున్నారో.

సూరాడ ఎర్నమ్మ గంప దించి
"ఏటంతంది బాబూ నీ డబ్బా?"
వేటకెళ్లొద్దంటోంది, మూడో నంబరు ఎగరేశారట.
"ఎల్లొద్దని ఎప్పుడూ అంతాది.
ఎల్లకపోతే ఏటి తినాలో ఒక్కనాడైనా సెప్పిందేటి?"

పిట్ట పేరు పెట్టుకున్న ఆ తుఫాను నాడు
కరెంటు లేదు, ఫోన్లు లేవు,
వీధంతా ఈ డబ్బా చుట్టూ మోకాళ్లు ముడుచుకు కూర్చుంది.
ఎర్నమ్మ మాత్రం దూరంగా, గుమ్మంలో.
ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే వస్తుంటే
మా పేట పేరు కోసం చూశాం.
రాలేదు.
ఆమె పడవ అప్పటికే రోడ్డు మీద రెండు ముక్కలై ఉంది.

ఇవాళ చివర్లో, ఎక్కడో గోడ కూలిందని చెప్పి
"ప్రాణనష్టం లేదు" అనే ముందు
చదివే అమ్మాయి చిన్నగా ఊపిరి పీల్చుకుంది.
కాగితంలో రాసి ఉండదది.
ముప్పై రెండేళ్ల అనుభవం, అయినా
దాన్ని ఏ వరసలో వెయ్యాలో తెలియలేదు.

సెల్లు తీసి పిట్టగోడ మీద పెట్టాను.
ఎండ ఇంకా ఇటు తిరగలేదు.
గంప ఎత్తమని ఎర్నమ్మ పిలుస్తోంది.