ఈరోజూ పడవ లేదు

ఈరోజూ పడవ లేదంది రన్‌వా
టికెట్ల కిటికీ సగం మూస్తూ.
మూడో రోజు.
సోర్‌వాగుర్ రేవులో గాలి
రెండుసార్లు నా టోపీ అడిగింది,
మూడోసారి తీసుకుపోయింది.

ఎదురుగా ఐదు పళ్ల రాతిదీవి,
దాని వెనకెక్కడో మీచినెస్,
మబ్బు దుప్పట్లోంచి ఒక్క భుజం బయటపెట్టి
అటు తిరిగి పడుకుంది.

బల్ల మీద నా పక్కన హానుస్,
కాళ్ల మధ్య ఉల్లిపాయల సంచి,
ఒళ్లో బాగుచేయించిన గోడ గడియారం.
నేను పదేళ్లుగా కలగన్న దీవి
ఆయనకి ఉల్లిపాయలు చేర్చాల్సిన ఇల్లు.

"ఇన్ని తిరిగావు కదా, ఏ చోటు బాగుంది?"
అందరూ అడిగేదే.
ఎప్పుడూ పోస్టుకార్డులో పట్టే అబద్ధమొకటి చెప్పేస్తాను.
ఉల్లి వాసన వల్లో, పోయిన టోపీ వల్లో
ఈసారి నిజం వచ్చింది.

సోన్-కుల్.
మూడువేల మీటర్ల ఎత్తున సరస్సు,
చుట్టూ ఒక్క చెట్టైనా లేని గడ్డి.
ఆనడానికేమీ లేక
చూపు అలా పోతూనే ఉంటుంది,
పోయే కొద్దీ తేలికవుతుంది.
ఐచూరోక్ గుడారంలో గుర్రప్పాలు తాగాను.
పులుపు ముక్కుకెక్కి దగ్గితే
ఆమె కోడలు నవ్వు దాచుకోనైనా లేదు.
పిడకల పొయ్యి ముందు కూర్చుని
ఐచూరోక్ తన సంగతి చెప్పింది:
"ఇసిక్-కుల్ చూశాను, పెద్దదే.
కానీ అవతల కొండలు కనిపిస్తాయి.
అవతల ఏమీ లేని నీళ్లు
ఒక్కసారి చూడాలి."

రెండేళ్లకి చిలోయే దీవిలో
ఆ మాట గుర్తొచ్చి సీసా నింపాను.
ఎర్సిలియా ఇల్లు కర్రకాళ్ల మీద నిలబడి ఉంటుంది.
రోజుకి రెండుసార్లు సముద్రం నేల కిందికొచ్చి
గిన్నెలు కడుగుతున్నట్టు చప్పుడు చేసి
చెప్పకుండా వెళ్లిపోతుంది.
అక్కడ వాన కురుస్తుందని ఎవరూ అనరు,
ఆగితే అంటారు.
ఎర్సిలియాకి ఒకటే కోరిక:
ఆరేసిన చొక్కా గంటలో ఎండే ఊరు చూడాలని.
ఆమె దేశంలోనే, ఉత్తరాన, ఎడారి ఉంది.
బస్సెక్కితే రెండ్రోజులు.
"వెళ్లొచ్చు కదా?"
"ఈ తడి బట్టలు ఎవరు తీస్తారు?"

సీసా సోన్-కుల్ చేరింది.
ఐచూరోక్ వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది.
"మా గుర్రాలు నాకే మట్టి రుచి.
దీనికా ఇన్నాళ్లు!" అని పెద్దగా నవ్వి,
చిన్న మనవడు చెయ్యి చాపితే ఇవ్వలేదు,
పరుపుల మడతల్లో దాచుకుంది.

దూరపు కొండలు నునుపంటారు మావాళ్లు,
మోసపోవద్దని.
నేను మోసపోయాను, చాలాసార్లు, ఇష్టంగా.
దగ్గరికెళ్లి చేత్తో నిమిరితే గరుకే,
అరచెయ్యి గీరుకుంది కూడా.
ఇంటికొచ్చాక
నాకు బెంగ ఆ గరుకు మీదే.
నునుపైనవన్నీ ఫోటోల్లో ఉన్నాయి,
తీసి చూడను.

హానుస్ అంతా విన్నాడో,
గడియారం టిక్కుమంటోందో లేదో విన్నాడో.
చాలాసేపటికి అన్నాడు:
"మా ఊరి పైన మిట్టెక్కితే
మబ్బు లేని రాత్రి
ఇటువైపు దీపాలు కనిపిస్తాయి.
చిన్నప్పుడు అక్కడ కూర్చుని
ఇక్కడేం జరుగుతోందోనని తెగ ఊహించేవాణ్ణి."
ఖాళీ రేవు, తాడు చుట్టలు,
సగం మూసిన కిటికీలో ఆవలిస్తున్న రన్‌వా.
ఇద్దరం ఒకేసారి చూశాం.
ఆయన మీసంలో ఏదో కదిలింది.

కాఫీకి లేస్తూ
సంచి నాకప్పగించి వెళ్లాడు.
ఒక్క క్షణం మబ్బు పక్కకి జరిగి
దీవి మీద పచ్చటి చీలిక కనబడింది,
కెమెరా తియ్యబోయి మానేశాను.
రేపు పడవుంటుందేమో.
ఉండకపోతే ఇంకొన్నాళ్లు
అది నాకు మిగిలే ఉంటుంది.

గాలికి ఊగుతున్న సంచి మూతి కట్టబోతే
లోపల ఒక ఉల్లిపాయ
ఎవరి కోసమూ ఆగకుండా
మొలకెత్తేసింది.