వెంట్రుకవాసి

మొదటి రోజు ఏసుపాదం మాస్టారు
మెషీన్ ముట్టుకోనివ్వలేదు.
తలలోంచి ఒక వెంట్రుక పీకి ఇమ్మన్నారు.

ఆటోనగర్‌లో ఓ సందు చివర రేకుల షెడ్డు.
బయట లారీ బాడీల మీద సుత్తి దెబ్బలు,
బెజవాడ ఎండ.
లోపల ఏసీ. మనకోసం కాదు,
మెషీన్‌కి ఉక్కపోస్తే లెక్క తప్పుతుందట.

మైక్రోమీటరు దవడల మధ్య నా వెంట్రుక.
టిక్, టిక్, టిక్.
"ఎంత?"
"డెబ్బై రెండు మైక్రాన్లు సార్."
"నీకిచ్చే జాగా పది.
వెంట్రుకవాసిలో తప్పిందంటారే ఇళ్లల్లో,
ఇక్కడ వెంట్రుకంటే దూలం."

మూడు షెడ్ల అవతల మా అమ్మ
లారీ సీట్లకు రెగ్జిన్ కుడుతుంది.
జానెడు, బెత్తెడు, ఓ రెండు నూళ్లు అటూ ఇటూ.
టేపు మెడలో ఉంటుంది, మర్యాదకి.
అంచు లాగి చూసి "చాల్లే" అంటుంది.
ఆ చాల్లే ఎన్నడూ చాలకపోలేదు.

నేను మాత్రం
యాభై పక్కన చుక్క పెట్టడం మర్చిపోయాను ఓ మధ్యాహ్నం.
చుక్క లేని యాభై మెషీన్‌కి యాభై మిల్లీమీటర్లు కాదు,
యాభై మైక్రాన్లు.
చెప్పినంత దూరమూ వెళ్లింది పాపం,
తిరుగుతున్న ఇనుములోకి.
తొమ్మిది వేల టూలు విరిగి
గాజు తలుపుకి తగిలిన చప్పుడు
ఇప్పటికీ అన్నం కలుపుతుంటే వినిపిస్తుంది.

మాస్టారు తిట్టలేదు.
ఆ ముక్కని కాగితంలో చుట్టి
నా క్యారేజీ మూతలో పెట్టారు.
"రోజూ తెరుస్తావుగా."

తెరుస్తున్నాను. ఎనిమిది నెలలైంది.
కూలెంట్ వాసన జడలోంచి పోదు.
శీకాయ పెట్టినా పోదు.

నిన్న పంపు షాఫ్టు తిప్పాను, నా చేత్తో రాసిన ప్రోగ్రాం.
అద్దంలా వచ్చింది, నా ముఖం పొడుగ్గా కనిపించింది అందులో.
కొలిస్తే రెండు మైక్రాన్లు లావు.
ఎర్ర రంగు పూసి పక్కన పడేశారు.
అడిగి ఇంటికి తెచ్చుకున్నాను.

అమ్మ అటు తిప్పింది, ఇటు తిప్పింది.
"నిక్షేపంలా ఉంది. ఏం రోగం దీనికి?"
"వెంట్రుకలో ముప్పై ఆరో వంతు ఎక్కువ."
నా ముఖం చూసింది, జ్వరం ఉందేమోనన్నట్టు.

పొద్దున చూద్దును కదా,
ఆ షాఫ్టుతోనే సీటు కుట్లు అణగదొక్కుతోంది.
దారం పోగు లేవకుండా, చక్కగా.
"భలే వాటంగా ఉందే.
ఇట్టాంటివే ఇంకో రెండు తప్పుజేసి పట్రా,
పక్క షెడ్డు మస్తాన్‌బీకీ కావాలంట."

ఇవాళ మళ్లీ అదే షాఫ్టు.
రెండో షిఫ్టు గంట కొట్టారు.
ఇహ తప్పు చెయ్యనని
ఈవిడకెట్లా చెప్పను?