మూడోసారి

ఇంజిన్‌లో సముద్రం ఉంది, హోరు లేదు.
నీలం గుడ్డని కింద నుంచి ఎవరో ఊపుతున్నట్టు
కెరటం లేస్తుంది, విరుగుతుంది.
నా గదిలో ఫ్యాను తప్ప ఇంకేదీ వినపడదు.

మర్రిపాలెం, మూడో అంతస్తు మీద రేకుల గది.
కిటికీకి రెండు రగ్గులు, తలుపుకి ఒక పరుపు,
మే నెల.
రికార్డు నొక్కేముందు ఫ్యాను ఆపాలి,
నేవీ హెలికాప్టరు దాటేదాకా ఆగాలి,
గూడ్సుబండి డబ్బాలన్నీ లెక్కపెట్టాలి,
ఆ తర్వాత మిగిలే నిమిషంన్నరలో
ఒక మనిషి ఏడవాలి.

తుపాకుల ఆటలోంచి తెచ్చుకున్న బొమ్మలు మావి.
సైనికుడి ఒంటికి దాలినాయుడు చీర అతికించాడు,
కొప్పు పెట్టాడు,
ముక్కుపుడక నిలబడ్డానికి రెండు రాత్రులు పట్టింది.
అయినా ఆమె ఇసకలో నడిస్తే
బూట్ల చప్పుడు.
ఏ ఫైలులో దాక్కుందో ఆ బూటు,
ఈ గుమ్మంలోంచి గెంటితే ఆ గుమ్మంలోంచి వచ్చేది.

ఆర్కే బీచిలో అర్ధరాత్రి మైకు పట్టుకుని నిలబడ్డాను.
ఇంటికొచ్చి వింటే
బాణలిలో బజ్జీలు వేగుతున్నాయి.
చేటలో నూకలు పోసి అటూ ఇటూ వంచాను,
అప్పుడొచ్చింది సముద్రం.
పుట్టినప్పటి నుంచీ దాని పక్కనే ఉన్నవాణ్ణి,
కొంచెం సిగ్గేసింది.

కాసులమ్మది ఫిషింగ్ హార్బర్‌లో
తెల్లారగట్ల వేలం పాడే గొంతు.
ఐసు మరల రొద మీద ముప్పై ఏళ్ళు అరిచి
అంచులు అరిగిపోయిన గొంతు.
కొప్పు అడ్డమొచ్చి హెడ్‌ఫోన్లు
గడ్డం కింద నుంచి తగిలించుకుంది.
మొదటి రోజు చెప్పమన్నది చెప్పి వెళ్ళిపోయింది.
రెండో రోజు తెర మీద తన గొంతు విని
"ఇదేటి బాబూ, ఈ మనిసి ఊపిరి తియ్యదేటి?
మాటకీ మాటకీ మజ్జిన సచ్చిపోతంది."

తీసేసింది నేనే.
మాటల మధ్య ఊపిరి మురికి అని నేర్చుకున్నాను,
ఆ మురికి గీకడానికి
అప్పు చేసి ఒక సాఫ్ట్‌వేర్ కూడా కొన్నాను.
ఆ సాయంత్రం చెత్తబుట్టలోంచి ఒక్కొక్కటే ఏరాను.
పొట్టివి కొన్ని, దగ్గు అంటుకున్నవి కొన్ని,
ఒకదాని చివర చుట్ట వాసన కూడా వచ్చినట్టుంది.

ప్లాస్టిక్ తొట్టెలో ఇసక పోశాం.
నాలుగడుగులు వెళ్ళి, నాలుగడుగులు వచ్చి,
తల మీద గంప లేకపోయినా ఉన్నట్టే నడిచింది.
బూట్లు పోయాయి.
పడవల వెనక తిరిగే మలుపులో మాత్రం
ఇప్పటికీ ఒక్క బూటు అడుగు ఉంది.
మీకు వినిపిస్తే ఎవరికీ చెప్పకండి.

చివరి సీను.
అన్ని పడవలూ వచ్చాయి, ఒకటి తప్ప.
ఒడ్డు మీద ఆమె పిలవాలి.
బొమ్మ నోరు మూడుసార్లు తెరుచుకుంటుంది,
అప్పటికే బిగించేశాడు దాలినాయుడు,
మార్చాలంటే ఇంకో వారం.
కాగితంలో నేను రాసింది: మగడి పేరు, మూడుసార్లు.

"పేరెట్టి నాను పిలవను" అంది.
ఎందుకని అడగలేదు.
హెలికాప్టరు వెళ్ళింది. గూడ్సు వెళ్ళింది.
కాసులమ్మ కళ్ళు మూసుకుంది.
పొద్దుటి బేరం గొంతే,
కొనేవాడు మాత్రం చాలా దూరంలో ఉన్నట్టు,

"ఒకటోసారీ..."

చెంగుతో మెడ తుడుచుకుంది.

"రెండోసారీ..."

తెర మీద నోరు మళ్ళీ తెరుచుకుంది.
కాసులమ్మ పెదవి కదల్లేదు.
మీటరులో పచ్చగీత ఒక్కసారి వణికింది,
లోపలికి తీసుకున్న ఊపిరి,
బయటికి రానిది.

"మూడోది అనీసినామంటే
పాట కొట్టీసినట్టే గద బాబూ"
అంది చాలాసేపటికి, చెప్పులు వెతుక్కుంటూ.
"మరింక ఆడు రాడు."

అక్కడ నేను చేట కూడా ఆపేశాను.
ఆమె మెట్లు దిగిపోయాక కూడా
ఫ్యాను వేసుకోవాలని
మా ఇద్దరిలో ఎవరికీ గుర్తు రాలేదు.