కొండెక్కిన మంట

ఆయ్, పెట్రోలు కల్తీదండీ, అన్నాడు త్రిమూర్తులు
ఓమ్నీ తలుపు పూర్తిగా తియ్యకుండానే.
కడియపులంకలో గులాబీ అంట్లు నింపుకుని
నిన్న పాడేరు ఘాటీ ఎక్కాడట.
నర్సీపట్నం దాకా పెళ్లికొడుకులా నడిచిన బండి
నాలుగో మలుపులో దగ్గు మొదలెట్టిందట.
వెనక నల్లటి పొగ,
కాఫీ ఆకుల మీద, మిరియం తీగల మీద,
పనసకాయలమ్ముకునే చిలకమ్మ మీద.
ఆమె కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని
"ఇది మీ ఊరి గాలా?" అందట.

ప్లగ్గు విప్పాను.
అట్లపెనం అడుగులా మసి.

కల్తీ కాదురా.
ఇక్కడ గాలి గడ్డపెరుగు,
అక్కడ తేట మజ్జిగ.
గ్లాసు అదే, లోపల చిక్కదనం లేదు.
రూపాయికి పది పైసలు తరుగు.
నీ కార్బురేటరుకి ఆ సంగతేం తెలుసు?
గోదారి జిల్లా మర్యాద దానిది.
చాలు, చాలు అని విస్తరికి చెయ్యడ్డం పెట్టినా
వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోసే రకం.
పాపం, ఇంజను ఎంతని తింటుంది?
సగం కాలింది, సగం కాలనిది
గొట్టంలోంచి కక్కేసింది.
నువ్వు చూసింది మసి.
చూడనిది ఇంకోటుంది,
దానికి రంగూ లేదు, వాసనా లేదు,
చంపడం మాత్రం వచ్చు.

దీపం ఆరిందంటే మా అమ్మ ఒప్పుకునేది కాదు.
కొండెక్కిందనాలి, అనేది.
నలభై ఏళ్లుగా అది ఒట్టి మాట మన్నన అనుకున్నాను.
ఇవాళ మసి ప్లగ్గు వేళ్ల మధ్య తిప్పుతుంటే
అమ్మకి ఈ లెక్క ఎవరు చెప్పారా అనిపించింది.

చిన్న బెజ్జం జెట్టొకటి కాగితంలో చుట్టి ఇచ్చాను.
ఘాటీ కింద ఆగు, ఇది బిగించు.
దిగాక పాతది పెట్టడం మర్చిపోకు.
మన చిక్కటి గాలిలో దీంతో నడిపితే
ఆకలికి ఒళ్లు కాగిపోద్ది దానికి.

శుక్రవారం వచ్చాడు.
ప్లగ్గు ఇటికరాయి రంగు.
సీటు కింద పనసకాయ, నాకేనట, చిలకమ్మ పంపింది.
ఒక మాటా అడగమందట:
కొండ మీద ఇంత పొగొస్తే, కింద అసలు రాదా?

కాలవ గట్టున ఓమ్నీ ఆగి ఉంది, స్టార్టులోనే.
గొట్టం దగ్గర అరచెయ్యి పెట్టాను.
వెచ్చగా తగిలింది. ఏమీ కనబడలేదు.
వస్తుందని చెప్పు, త్రిమూర్తులూ.
ఇక్కడ గాలికి మొహమాటమెక్కువ,
బయటపడనివ్వదు.